కంపెనీకి సొంతమైన మాట

మతిమరుపుతో తరచూ తప్పిపోతున్న భర్త చొక్కా మీద "దయచేసి ఇంటికి చేర్చండి" అని అచ్చు వేయమంది కొమురమ్మ. హన్మకొండ అచ్చు దుకాణం సారంగపాణి ఒప్పుకోలేదు.

"ఆ మాట ఇంటికి సరుకులు తెచ్చే కంపెనీకి సొంతమైందక్కా, రిజిస్టరు చేయించుకున్నరు. బట్టల మీద ఇంకెవలూ వేయొద్దు."

కొమురమ్మ ఆ మాటనూ చిరునామానూ తనే చొక్కా మీద దారంతో కుట్టింది.

మూడో రోజు భర్త మళ్లీ తప్పిపోయాడు. సాయంత్రం కంపెనీ తనిఖీదారు ఆ చొక్కా పట్టుకుని, నోటీసు ఇవ్వడానికి వచ్చాడు.

"మా ముసలాయన ఏడున్నడు సారూ?"

"బస్టాండుల చొక్కా విప్పించి తీసుకున్నం. మనిషితోని మాకేం పనమ్మా?"

ఆమె బస్టాండుకు పరుగెత్తింది. చొక్కా లేని ముసలాయన ఏదో బస్సెక్కాడని పండ్లమ్మే ఆమె చెప్పింది. ఏ బస్సో తను చూడలేదంది.