దొంగల సినిమాకి కాపలా

నగల కొట్టు యజమాని భార్య మంచం మీద బ్యాగు తెరిచి పెట్టుకుని బట్టలు సర్దుతోంది. ఉతికిన బట్టలు, రెండు శాలువాలు, చదువుకునే కళ్ళజోడు, మోకాలి నొప్పి మాత్రలు.

"నటించడానికి వెళ్తున్నావా, కాపురం మార్చేస్తున్నావా?" అన్నాడు యజమాని గుమ్మంలో నిలబడి. "పాత పేపర్లు కుక్కితే చాలదూ?"

"ఉత్త బ్యాగు మోస్తే నడకలో తెలిసిపోతుందటండీ. నిజంగా ఊరెళ్ళేవాళ్ళలా సర్దుకోమన్నాడు డైరెక్టరు గారు."

"వెనక నించి ఓ క్షణం కనపడేదానికి ఇంత హడావుడా? నీ మొహం ఎవడు చూడొచ్చాడే?"

ఆవిడ ఇంకో జత మడత పెట్టింది.

కొట్లో ఒక దొంగల సినిమా తీసుకోవడానికి యజమాని ఒప్పుకున్నాడు. కొట్టు బోర్డు తెరమీద పడుతుందన్న ఆశ ఒప్పించింది. ఆ తర్వాత డైరెక్టరు కథ చెప్పాడు. అంతే, యజమానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది.

కథలో దొంగ ఒక సోఫాలో దాక్కుని కొట్లోకి వస్తాడు. ఇనప్పెట్టె దగ్గర హీరోయిన్ కనపడుతుంది. ఇద్దరూ పాట పాడుకుంటారు. పాటయ్యాక అలారం మోగుతుంది.

"అలారం పాటయ్యేదాకా ఆగుతుందా?" అని అడిగాడు యజమాని.

"ప్రేక్షకులు ఆగట్లేదాండీ, అలాగే," అన్నాడు డైరెక్టరు తొణక్కుండా.

ఆ సాయంత్రం యజమాని తమ్ముణ్ణి పక్కకి లాగాడు. "ఒరేయ్, ఇంత తలాతోకా లేని కథకి డబ్బు తగలేసేవాడు భూమ్మీద ఉంటాడా? ఇది సినిమా కాదు. మన కొట్టు ఊడ్చుకుపోవడానికి వేసిన ఎత్తు."

"మరి వద్దని చెప్పేద్దాం అన్నయ్యా."

"తెరమీద బోర్డు పడుతుందిరా. పైగా వాళ్ళని పట్టుకున్నామనుకో, పేపర్లో నా ఫోటో కూడా పడుతుంది."

అందుకని యజమాని వాళ్ళని మించిన ఎత్తు వేశాడు. అద్దాల బీరువాల నిండా గిల్టు నగలు పేర్చాడు. అసలు నగలు, అంటే అతని జీవితమంతా, గుడ్డ సంచుల్లో కట్టాడు. బ్యాంకుకి తీసుకెళ్దామంటే దారిలో కాపుకాస్తారని భయం. ఇంట్లో ఉంచుదామంటే అందరూ కొట్లో ఉన్నప్పుడు ఇంటికి కన్నం వేస్తారని భయం. తెల్లారగానే ఆ సంచుల్ని తన చేత్తోనే భార్య బ్యాగు అడుగున, శాలువాల కింద దూర్చాడు. రోజంతా కెమెరా ముందుండే బ్యాగు మీద చెయ్యేసే మొనగాడెవడు? తన తెలివి తనకే ముద్దొచ్చింది.

"ఇంత బరువు ఈ మోకాళ్ళతో మోయగలనంటారా?" అంది భార్య.

"ఇన్నేళ్ళు సంసారం మోశావు, ఇదెంత?"

షూటింగు మొదలైంది. ఆవిడ చెయ్యాల్సింది ఒక్కటే. బ్యాగు పట్టుకుని కొట్లోంచి బయటికొచ్చి, రోడ్డు దాటి, వీధి మలుపు తిరగాలి. ఆవిడ అటు వెళ్ళగానే దొంగల వ్యాను ఇటు వస్తుంది.

"కట్," అన్నాడు డైరెక్టరు. "అమ్మా, మీరు తిరిగొచ్చేవాళ్ళలా నడుస్తున్నారు. వెనక్కి చూడకూడదు."

ఆవిడ మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ వచ్చింది. మొదట్లో ఆవిడ మలుపు తిరిగినప్పుడల్లా యజమాని ప్రాణం ఉగ్గబట్టుకుని గడప దాకా పరిగెత్తాడు. వెళ్ళడం రావడం అలవాటయ్యేసరికి అతని కన్ను మేకప్ మనిషి పెట్టె మీద పడింది. మొహానికి పూసే పౌడరుకి అంత పెట్టె దేనికి? ఇక అక్కణ్ణించి కదల్లేదు.

"ఇంకా ఎన్నిసార్లు వెళ్ళి రావాలండీ?" అని అడిగింది భార్య చెమట తుడుచుకుంటూ.

"వాళ్ళు చెప్పినన్నిసార్లు. నడవడం కూడా చేతకాకపోతే ఎలాగే?"

లైట్లు పట్టుకున్నవాళ్ళు కిసుక్కున నవ్వారు. ఆవిడ కూడా కొంచెం నవ్వి, బ్యాగు చెయ్యి మార్చుకుని బయల్దేరింది.

"ఓకే," అని చప్పట్లు కొట్టాడు డైరెక్టరు. "ఇదీ నడకంటే."

యజమాని వెంటనే షట్టరు సగానికి దించి సినిమావాళ్ళనందర్నీ వరసలో నిలబెట్టాడు. లైట్ల పెట్టెలు తెరిపించాడు. కెమెరా స్టాండు కాళ్ళు విప్పించాడు. హీరోగారి విగ్గు కూడా తీయించి దులిపాడు. గిల్టు నగల్లో ఒక్క ముక్కుపుడకైనా తగ్గలేదు.

"మేం దొంగలమనుకున్నారా?" అన్నాడు డైరెక్టరు చిన్నబుచ్చుకుని.

"మీ కథ విన్నవాడెవడైనా అదే అనుకుంటాడు," అన్నాడు యజమాని.

వాళ్ళు నిజంగానే సినిమావాళ్ళు. సినిమా విడుదలైంది, వచ్చిన వారమే చతికిలబడింది. సోఫా దగ్గర్నించి అలారం దాకా ఏదీ నమ్మేలా లేదని పత్రికలన్నీ ఉతికి ఆరేశాయి. ఒక్క షాటుని మాత్రం అందరూ మెచ్చుకున్నారు. ఎవరో ఒకావిడ బ్యాగుతో వీధి మలుపు తిరుగుతుంది, సినిమా మొత్తానికి నిజంలా ఉన్నది అదొక్కటే అని రాశారు.

అప్పటికి నగల కొట్టు షట్టరుకి తాళం పడింది. యజమాని రోజూ మ్యాట్నీకి వెళ్ళి, అన్నిటికన్నా చవక టిక్కెట్టు కొనుక్కుని తెర ముందు కూర్చునేవాడు.

"ఈ చెత్త ఇంకెన్నిసార్లు చూస్తావన్నయ్యా?" అన్నాడు తమ్ముడు ఒకరోజు.

"నోర్మూసుకో. వస్తోంది."

తెరమీద ఆవిడ రోడ్డు దాటింది. వెనక్కి చూడలేదు. వ్యాను రాగానే యజమాని లేచి బయటికి నడిచాడు. మిగతా సినిమా అతను ఎప్పుడూ చూడలేదు.

షూటింగు జరిగిన ఆ గురువారం మధ్యాహ్నం, డైరెక్టరు ఓకే అన్న ఆ చివరిసారి, మలుపు తిరిగిన భార్య ఇక తిరిగి రాలేదు.