అగడ్తలో నల్లనీళ్ళు

ఆమె మళ్ళీ మూలనున్న మిషన్ దగ్గరికే వెళ్ళింది.

వరసగా కొత్త మిషన్లన్నీ ఖాళీగానే ఉన్నాయి.

గేమింగ్ షాపు యజమాని కౌంటర్ వెనకనుంచి ఓ కన్ను అటే వేసి ఉంచాడు.

ఆమె నడివయసు మనిషి. కళ్ళజోడు, భుజాన సంచి. కోట ఆట తెరుస్తుంది, అగడ్త పక్కన నిలబడి నీళ్ళకేసి చూస్తుంది, మూసేస్తుంది. మళ్ళీ తెరుస్తుంది. ఒక్క బాణమైనా వెయ్యదు.

ఆడని మనిషికి ఆటల షాపులో ఏం పని?

"అన్నా, ఆవిడ ముట్టడించేది కోటని కాదు, నీ షాపుని" అన్నాడు రోజూ వచ్చే కుర్రాడొకడు.

అసలే యజమాని మనసు మనసులో లేదు. గ్రాఫిక్స్‌కు కొత్త పద్ధతి వచ్చిందని, మూల మిషన్‌లోది తప్ప, తెర మీద బొమ్మలు చూపించే కార్డులన్నీ మార్పించాడు. కొత్త ఆటలు మెరిసిపోతున్నాయి. షాపుకు అన్నం పెట్టే కోట ఆట మాత్రం నల్ల తెర చూపించి ఊరుకుంటోంది. పాత పద్ధతిలో రాసిన ఆట. దాని మాట కొత్త కార్డులకు అర్థం కాదు. పాత కార్డు ఉన్న ఆ మూల మిషన్ మీదే నడుస్తోంది. కుర్రాళ్ళు ఒక్కొక్కరే రావడం మానేస్తున్నారు.

ఇక దిక్కల్లా చీమే.

చీమ ఎవరో ఎవరికీ తెలియదు. ఇలా మూగబోయిన ఆటలను మళ్ళీ నడిపించే ప్యాచ్‌లు రాసి నెట్లో ఊరికే పెడతాడు. అతని ప్యాచ్ వేస్తే, ఆట తెరుచుకున్నాక తెర అడుగున ఓ చిన్న చీమ పాకుతూ వెళ్తుంది. అదే సంతకం.

"తమ్ముడూ, పాత కార్డు మా దగ్గర ఒక్కటే మిగిలింది. అదీ పోతే షాపు మూతే" అని షాపు చిరునామాతో సహా చీమకు రాశాడు. జవాబు లేదు. అయినా, ఎన్నడూ చూడని ఆ తమ్ముడి మీద ఎంత నమ్మకమో, కళ్ళెదుటి ఈమె మీద అంత అనుమానం.

ఆమె దగ్గితే ఎవరికో సైగ అనుకున్నాడు. నవ్వుకుంటే, ఏదో చిక్కిందనుకున్నాడు.

ఆ రోజు ఆమె సంచిలోంచి పెన్‌డ్రైవ్ తీసి మిషన్‌కు పెట్టింది.

అతను వెళ్ళి చటుక్కున పీకాడు.

"ఏం దొంగిలిస్తున్నారు?"

ఆమె తడబడింది. "ఇంకొక్క రోజు కూర్చోనివ్వండి. నీళ్ళు ఇంకా కుదరలేదు."

"ఏ నీళ్ళు?"

"అగడ్తలోవి. అసలు రంగు ఇక్కడే కనబడుతుంది, అందుకని..."

"కథలు ఇంకెక్కడైనా చెప్పుకోండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కితే మర్యాదగా ఉండదు."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెన్‌డ్రైవ్ కోసం ఆమె చెయ్యి చాచింది. అతను పిడికిలి బిగించాడు. ఆమె సంచి సర్దుకుని, కుర్చీ లోపలికి జరిపి మరీ వెళ్ళింది.

అది కూడా నటనగానే తోచింది అతనికి.

జనం పలచబడ్డాక, ఏం ఎత్తుకుపోబోయిందో చూద్దామని, నెట్ తీగ పీకేసి, పెన్‌డ్రైవ్‌ను కొత్త మిషన్‌కు పెట్టాడు. ఒకటే ఫైలు. నొక్కాడు.

కోట ఆట తెరుచుకుంది. కొత్త కార్డు మీద.

బురుజులు, జెండాలు, ఆకాశం, అన్నీ రంగుల్లో. అగడ్తలో నీళ్ళు మాత్రం తారులా నల్లగా ఉన్నాయి.

అతను ఆ నీళ్ళకేసే చూస్తుండగా, తెర అడుగున ఓ మూలనుంచి చిన్న చీమ ఒకటి బయల్దేరి, ఆ నల్లటి ఒడ్డు వెంట నింపాదిగా పాకుతూ అవతలికి వెళ్ళిపోయింది.