దొంగచుక్కలు

"ఆ ఫోటో దించెయ్యాల్సిందే," అన్నాడు మందులషాపాయన గోడకేసి వేలు చూపిస్తూ.

నల్లగుడ్డ అంచు మడుస్తున్న టైలరు చెయ్యి ఆగింది. లైబ్రరీ పైహాలు గోడలన్నిటికీ ఆ గుడ్డ కట్టింది అతనే. సరదాకి రాత్రి ఆకాశాన్ని ఫోటోలు తీసుకునే కొద్దిమంది కలిసి పెట్టుకున్న ప్రదర్శన అది. ఇంకాసేపట్లో తలుపులు తీయాలి.

నోట్లోని గుండుసూదులు తీసి, "ఎందుకూ?" అన్నాడు.

"కళ్ళు పెట్టి చూడు. నువ్వూ తీస్తావుగా!"

చూశాడు. చిక్కటి నలుపు. అక్కడక్కడా ఎర్రవీ, నీలివీ, తెల్లవీ చుక్కలు. ఎంతసేపు చూసినా అవి తెలిసిన ఏ ఆకారంలోనూ కలవడం లేదు.

ఇది ఆకాశం కాదు. లెన్సుకి మూత పెట్టి తీసిన ఫోటో.

వాళ్ళందరికీ అలవాటైన పనే అది. రాత్రిపూట ఒక్కో ఫోటోకీ లెన్సు చాలాసేపు తెరిచి ఉంచాలి. కెమెరా వేడెక్కి, లేని చుక్కల్ని తనే పుట్టిస్తుంది. అందుకని చివర్లో మూత పెట్టి, అంతసేపే ఇంకొకటి తీస్తారు. అందులో పడినవన్నీ దొంగచుక్కలే. వాటిని ఆనవాలు పట్టి, మంచి ఫోటోల్లోంచి ఏరి పారేస్తారు. ఆ తర్వాత దాని మొహం చూసేవాళ్ళుండరు. అలాంటిదాన్ని పెద్దది చేయించి, అద్దం కట్టించి తెచ్చింది కళ్ళజోళ్ళషాపాయన భార్య. ఆయన పోయాక జరుగుతున్న మొదటి ప్రదర్శన ఇది.

"అన్నయ్య తీసినవి వందలున్నాయి. ఏరి ఏరి దీన్నే తెచ్చిందే వదిన!" అన్నాడు టైలరు.

"ఆవిడకేం తెలుసు పాపం? చుక్కలు కనబడ్డాయి, తెచ్చింది. వచ్చేది ఖగోళశాస్త్రం చెప్పే ప్రొఫెసరుగారయ్యా. ఒక్క చూపులో పట్టేస్తారు. అందరిముందూ 'ఇదేం ఆకాశమమ్మా' అన్నారనుకో, ఆవిడేమైపోతుంది? వెళ్ళి నువ్వే చెప్పు. వదినా వదినా అని తిరుగుతావుగా."

మందులషాపాయన్ని వెనకాల అందరూ రూళ్ళకర్ర అంటారు. ఈసారి మాత్రం ఆయన మాటలో తప్పు పట్టడానికేమీ లేదు. టైలరుని కుదురుగా నిలబడనివ్వనిది కూడా అదే.

ఆవిడ మెట్లెక్కి వచ్చింది. మిగతా గోడలవైపు చూడనైనా చూడకుండా నేరుగా ఆ ఫోటో దగ్గరికి వెళ్ళి, చేతిరుమాలుతో అద్దం తుడిచింది.

"వదినా, ఒక మాట…"

"ఏమిటి మరిదీ? ఎవరి గుడ్డో తప్పు కత్తిరించినట్టు ఆ మొహమేమిటి?"

"అది కాదు… అన్నయ్యది ఇంకా మంచి ఫోటో ఏదైనా పెడదామా అని. ఆ పాలపుంతది ఉంది కదా, కొండమీద తీసింది…"

"అది అందరూ చూసిందేగా. దీన్ని ఎవరూ చూడలేదు." చట్రాన్ని కొద్దిగా సర్ది వెనక్కి జరిగింది. "బాగాలేదూ?"

టైలరు చెప్పాలనే నోరు తెరిచాడు.

"చాలా బాగుంది వదినా," అన్న మాట బయటికొచ్చింది.

వెనక రూళ్ళకర్ర నుదురు కొట్టుకున్న చప్పుడు గట్టిగానే వినిపించింది.

ఈలోపు ప్రొఫెసరుగారు రానే వచ్చారు. గ్రహణం దగ్గర ఆగి మెచ్చుకున్నారు. తోకచుక్క దగ్గర కళ్ళజోడు సర్దుకుని మరీ చూశారు. టైలరు తీసిన చందమామని చూసి, "చెయ్యి కాస్త వణికినట్టుంది, అయినా ముచ్చటగా ఉందయ్యా," అన్నారు. ఆ మాటకి పొంగిపోయే స్థితిలో లేడు టైలరు. మెడలో టేపుని తీసి వేలికి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు.

ప్రొఫెసరుగారు ఆ ఫోటో ముందుకొచ్చారు. వంగి చూశారు. తల ఒకపక్కకి వాల్చి చూశారు. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇది ఏ దిక్కమ్మా?"

ఆవిడ నోరు విప్పేలోపు టైలరు మధ్యలో దూరాడు. "దక్షిణం సార్!"

"దక్షిణంలో ఏ భాగం?"

"అంతా దక్షిణమే సార్! మా అన్నయ్యకి ఓపికెక్కువ. మాకెవరికీ అందని చుక్కలు ఆయనకే అందేవి. ఆ నలుపు చూడండి సార్, మా జన్మలో ఇంత నలుపు దొరకలేదు మాకు. ఒక్క మబ్బు తునక ఉందేమో చూపించండి…"

ఆపితే ఆయన మాట్లాడేస్తారేమోనని ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.

ప్రొఫెసరుగారు అతని మొహంలోకి చూశారు. ఆవిడ చేతిలో నలుగుతున్న రుమాలు చూశారు.

"అవునవును. ఇలాంటిది గోడమీద చూడటం నాకిదే మొదటిసారి," అని మెల్లిగా చెప్పి, ముందుకి నడిచారు.

టైలరు నల్లగుడ్డకి ఆనుకుని ఊపిరి వదిలాడు.

"ఎన్ని అబద్ధాలాడావు మరిదీ!" అంది ఆవిడ, వాళ్ళిద్దరికే వినబడేట్టు.

"వదినా… అంటే నీకు…"

"మూత పెట్టి తీసిందని నాకు తెలియదనుకున్నావా? ఆ మూత పెట్టే పని ఎప్పుడూ నాదేగా."

"మరి తెలిసీ దీన్నే ఎందుకు తెచ్చావు?"

ఆవిడ అద్దానికి మరోసారి రుమాలు ఆనించింది.

"రాత్రంతా ఆకాశంలోకే చూసే మీ అన్నయ్య, ఆ మూత పెట్టి ఉన్న కాసేపూ నన్నే చూస్తూ కూర్చునేవారు."