రెండువందల పదిహేడో బిళ్ళ

"ఎన్ని కరిగించావు?"

నిడదవోలులో కంచరి వీరాస్వామి కొలిమి ముందు నిలబడి భీమరాజు అడిగిన మొదటి మాట అదే.

"ఓ ముప్ఫై ఉంటాయేమోనండి. గుడి గంటకి ఇత్తడి చాలకపోతేనూ..."

భీమరాజు ముఖంలోకి నెత్తురు పొంగింది. వీరాస్వామి కంగారు పడ్డాడు.

"కోప్పడకండి బాబూ. తమరికి పాత బిళ్ళల సరదా అని విన్నానుగానీ, వీటికోసం రైలెక్కి వస్తారనుకోలేదు. మిగతావి గోతంలో అలాగే ఉన్నాయండి."

భీమరాజు సరదా రాజమండ్రిలో అందరికీ నవ్వులాట. రేవులో పడవ బిళ్ళలు, లాకుల దగ్గర బిళ్ళలు, కరువునాడు గంజికోసం పంచిన రేకు బిళ్ళలు, ఎందుకూ పనికిరానివన్నీ కొని తీగకు గుచ్చి చూరుకు వేలాడదీసేవాడు. గాలి వీస్తే ఇల్లంతా గలగలలాడేది.

అన్నిటికంటే ఎక్కువ వంతెన బిళ్ళలు. గోదావరి మీద రైలు వంతెన కడుతున్నప్పుడు ఒక్కో కూలీకి ఒక్కో నంబరు బిళ్ళ ఉండేది. పొద్దున్న మేస్త్రీ దగ్గరున్న చెక్క పలక మీద తన నంబరు మేకు నుంచి దాన్ని తీసుకుని పనిలోకి దిగాలి. సాయంత్రం గంట కొట్టాక మళ్ళీ ఆ మేకుకే తగిలించి ఇంటికి పోవాలి. మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. వంతెన పూర్తయ్యాక ఆ ఐదువందల బిళ్ళలూ పాత ఇత్తడి కింద అమ్ముడుపోయి తలో ఊరికీ చేరాయి. నాలుగేళ్ళుగా భీమరాజు వాటి వెంట తిరుగుతున్నాడు.

"బావగారండీ, ఆ గోతం ఇలా కుమ్మరించమనండి."

వెనకే వచ్చిన తలుపులమ్మ నేలమీద చతికిలబడింది. భీమరాజు తమ్ముడు గంగయ్య భార్య ఆమె. ఎప్పుడూ భీమరాజు ఒక్కడే వెళ్ళేవాడు. ఈసారి ఎంత వద్దన్నా ఆమె వినలేదు. రైలు వంతెన మీదికి రాగానే ఆమె కిటికీలోంచి నీళ్ళలోకి చూసింది. అతను కళ్ళు మూసుకున్నాడు.

అన్నదమ్ములిద్దరూ ఆ పనిలోనే ఉండేవారు. భీమరాజు గట్టు మీద రాళ్ళ దగ్గర. గంగయ్య వంతెన స్తంభానికి పునాదిగా ఏటి ఇసకలోకి దించుతున్న బావి లోపల. ఒక సాయంత్రం గంట కొట్టిన కాసేపటికి ఆ బావి ఇసకతో పూడిపోయింది. పలక మీద మేకులన్నీ నిండి ఉన్నాయి, లోపల ఎవరూ లేరన్నాడు మేస్త్రీ. ఎవరూ తవ్వి చూడలేదు. ఆ రాత్రి గంగయ్య ఇంటికి రాలేదు. మర్నాడూ రాలేదు. చెప్పకుండా రంగూను ఓడెక్కేశాడని కొందరన్నారు. మేస్త్రీ అబద్ధమాడాడు, గంగయ్య ఆ ఇసక కిందే ఉన్నాడని కొందరన్నారు.

తలుపులమ్మ ఎవరినీ నమ్మలేదు. బిళ్ళనే నమ్మింది. అమ్మేసినవాటిలో అది ఉందంటే ఆయన పైకొచ్చాడు. లేదంటే ఆయన మొలతాడుకే ఉండి ఆయనతోపాటే అడుగున ఉంది.

"ఇదే కదండీ బావగారూ ఆఖరు గోతం?"

"ఇదేనమ్మా."

"ఇందులోనూ లేకపోతే, కరిగినవాటిలో ఉందేమోనని ఇంక ఆశపడను, గాజులు తీసేస్తాను. మా నాన్న చెప్పిన ఆ ఉప్పాడాయన్ని మనువాడతాను. మాటిచ్చేశాను."

"మంచివాడు తలుపులూ. నేను వెళ్ళి చూసొచ్చాను కదా. సొంత నావ ఉంది. నిన్ను బాగా చూసుకుంటాడు."

"మీరు మీ తమ్ముడికి ఎప్పుడో నీళ్ళొదిలేశారు లెండి!" అంది దెప్పుతూ. అంతలోనే గొంతు తగ్గించింది. "పైకలా అంటారుగానీ, సరదా అని పేరుపెట్టి ఊరూరా తిరిగింది ఎవరికోసమో నాకు తెలీదా ఏంటి?"

భీమరాజు గోతం తిరగేశాడు.

అతని చేతులు ఆమె చేతులకంటే ముందు పరుగెత్తాయి. ఒక్కో బిళ్ళ తిరగేసినప్పుడల్లా గుండె ఆగేది. నంబరు చూశాక మళ్ళీ కొట్టుకునేది. ఆమె ముందున్న కుప్పను కూడా తనవైపు లాక్కోబోయాడు.

"ఉండండి, నన్ను కూడా చూడనివ్వండి!"

ఆమెకు చదువు రాదు. గంగయ్య నంబరులోని రెండు, ఒకటి, ఏడు, ఆ మూడు అంకెలు మాత్రం గోడమీద బొగ్గుతో రాయించుకుని, ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది.

కుప్ప తరిగిపోయింది. పది బిళ్ళలు మిగిలాయి. ఐదు. భీమరాజు నుదుటి చెమట తుడుచుకున్నాడు. అతని పెదవులు ఏదో దేవుడి పేరు తలుచుకుంటున్నాయి.

తలుపులమ్మ చెయ్యి ఆగింది.

చేతిలోని బిళ్ళను పమిటతో తుడిచింది. మళ్ళీ తుడిచింది. లేచి వీరాస్వామి ముఖం దగ్గర పెట్టింది.

"ఇదెంతో చదవండి బాబూ."

"రెండువందల పదిహేడమ్మా."

ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి ఒక్కసారే వచ్చాయి.

"పైకొచ్చారు! మేస్త్రీ నిజమే చెప్పాడండీ! మీ తమ్ముడు రంగూన్లో ఉన్నారు బావగారూ, ఎప్పటికైనా వస్తారు. ఆ మనువు వద్దని మా నాన్నకి మీరే చెప్పాలి. పదేళ్ళు కానీండి, ఇరవయ్యేళ్ళు కానీండి, నేనుంటాను!"

వంగి భీమరాజు కాళ్ళకు దణ్ణం పెట్టింది. అతను కొలిమిలోకి చూస్తూ కొయ్యలా నిలబడిపోయాడు.

రోజూ బావిలోకి దిగేముందు తమ్ముడు తన చేతికిచ్చే ఆ బిళ్ళను, వాడు వెనకే వస్తున్నాడనుకుని, ఆ సాయంత్రం మేకుకు తగిలించింది భీమరాజే.