స్వావా తీర్పులు

"ఆ నవలలో హీరోకి ముప్పై రెండు పళ్లూ ఉన్నాయి. అక్కడే ఆపేశాను," అంది స్వావా.

వేడినీళ్ల తొట్టిలో కూర్చున్నవాళ్లంతా గొల్లుమన్నారు.

అకురేరి ఊళ్లో ఈతకొలను దగ్గర రోజూ పొద్దున్నే జరిగే కొలువు అది. తలల మీద మంచు రాలుతుంటుంది, మెడ కింద ఒళ్లు ఉడుకుతుంటుంది. కొత్త నవలల మీద స్వావా తీర్పు చెప్పేది అక్కడే.

చూపు మసకబారాక ఆమె పుస్తకాలు చదవడం లేదు, వింటోంది. ఆమెలాంటి వాళ్ల కోసం ఒక గ్రంథాలయం నవలలు చదివించి, రికార్డు చేసి పంపుతుంది. అయినా తొట్టిలో అందరికంటే ముందు ముగించేది ఆమే.

"రెండొందల ఏళ్ల కిందటి డేన్ జాతి వర్తకుడు. ఎండు చేప కొరికి బతికినవాడు. వాడికి అన్ని పళ్లెలా మిగిలాయి?"

"మరి ఆ రేక్యావిక్ దంపతుల నవలో?" అని అడిగాడు ఓడ్డుర్. చేపల పడవ నడిపి రిటైరైన మనిషి. స్వావాని అడక్కుండా ఒక్క పుస్తకం కొనడు.

"మూడొందల పేజీలు వంటింట్లోనే కూర్చుంటారు. ఏమీ జరగదు. చాలా బాగుంది."

"ఏమీ జరక్కపోతే బాగుండటమేంటి?"

"మీ ఆవిడకి చదివి వినిపించు. ఆవిడ చెబుతుంది."

మళ్లీ నవ్వులు. మూల నుంచి కూడా ఎవరో నవ్వారు. స్వావాకి ఒక ఆకారం మాత్రం లీలగా కనిపించింది.

"ఎవరండీ, కొత్తవారా? ఆ దంపతుల నవల చదివారా?"

"చదివాను." నీటి హోరులో ఆ మాట గుసగుసలా వినబడింది.

"డేన్ వర్తకుడిది?"

"అది నేను చదవలేదు."

"మంచి పని చేశారు. బూడిద ఏడాది నవల?"

"చదివాను." కాస్త దగ్గరికి జరిగి, "మీకెలా అనిపించింది?" అన్నాడు.

స్వావా సర్దుకుని కూర్చుంది. తనని ఎవరైనా అలా అడిగితే ఆమెకి పండగే.

"అగ్నిపర్వతం పేలిన ఏడాది. పాస్టరు భార్య ఆవుని తోలుకుంటూ, పిల్లల్ని వెంటేసుకుని ఏరు దాటుతుంది. ఒడ్డెక్కి పిల్లల్ని పేరుపేరునా పిలుస్తుంది. నాలుగో పిల్ల లేదు. ఆ పేరు దగ్గర, చదివేవాడు ఆగిపోయాడు. ఊపిరి కూడా వినపడలేదు. నా చేతిలో అల్లిక అలాగే ఉండిపోయింది."

"రచయిత గొప్పగా రాశాడన్నమాట," అన్నాడు ఓడ్డుర్.

"రాయలేదయ్యా! మా మనవరాలి చేత పుస్తకం తెప్పించి చూపించుకున్నా. అక్కడ ఉత్త కామా ఉందిట."

"అయితే చదివినవాడిదే తప్పు," అన్నాడు కొత్త మనిషి.

"తప్పా? రాసినవాడు చూడకుండా దాటిపోయిన చోట ఆయన నిలబడ్డాడండీ. ఆ తల్లి పక్కన."

అతను దోసిలితో నీళ్లు తీసి మొహం కడుక్కున్న చప్పుడైంది.

"చివరి అధ్యాయం మాత్రం రచయిత చెడగొట్టాడు," అని ముగించింది స్వావా. "చచ్చిపోయిన పిల్లని కలలో తెచ్చి నవ్వించాడు. బద్ధకం పని."

తర్వాత కాఫీ దగ్గర ఓడ్డుర్ ఆమె చెవిలో గొణిగాడు.

"కొంప ముంచావు స్వావా. ఆ మనిషే రచయితేమో! నువ్వు ఆ నవల సంగతి చెబుతుంటే మొహం ఎలా అయిపోయిందో చూడాలి."

స్వావా కాఫీ కప్పు పక్కన పెట్టేసింది. నోటి దురుసు గలదే కానీ, ఒక మనిషిని ఎదుట కూర్చోబెట్టుకుని అంత మాట అనే రకం కాదు.

మర్నాడు తొట్టిలో దిగీ దిగగానే అడిగేసింది.

"బూడిద ఏడాది రాసింది మీరేనా?"

అతను నీళ్లు అదిరేలా నవ్వాడు.

"ఒక్క వాక్యం రాయడం కూడా నాకు చేతకాదు."

"హమ్మయ్య! అయితే చివరి అధ్యాయం చెత్తే."

"చెత్తే," అని అతనూ సంబరంగా ఒప్పుకున్నాడు.

ఆ రోజుతో మీరు పోయి నువ్వు వచ్చింది. అతని పేరు మాత్రం ఆమె అడగనే లేదు. చలికాలమంతా అతను వస్తూనే ఉన్నాడు. ఏదో ఒక నవల పేరు చెప్పి, ఏ ఘట్టం బాగుంది, ఎక్కడ విసుగేసింది అని అడిగేవాడు. తను మాత్రం ఆ గుసగుస గొంతుతో రెండు మాటలకి మించి అనేవాడు కాదు. అంత శ్రద్ధగా వినే మనిషి స్వావాకి భర్త పోయాక మళ్లీ దొరకలేదు.

ఒకసారి ఆమె వాపోయింది.

"ఇప్పుడెవరో పిల్ల చదువుతోంది, బస్సు వెళ్లిపోతున్నట్టు. పాతాయన ఏమయ్యాడో! సినిమాల్లో డబ్బులెక్కువిచ్చి ఉంటారు, మమ్మల్ని వదిలేసి పోయాడు."

"ఆ పిల్లకి కొంచెం టైమివ్వు. నేర్చుకుంటుంది," అన్నాడతను.

మంచు కరిగి, వసంతాన్ని తెచ్చే లోవా పిట్ట కూసే వేళకి అతను రావడం మానేశాడు.

"ఎవరి ఊరికి వాళ్లు పోరా మరి," అన్నాడు ఓడ్డుర్.

తొట్టిలో నవ్వులకేం లోటు లేదు. స్వావాకే తన తీర్పులు కాస్త చప్పగా అనిపించాయి.

మే నెలలో ఒక పెద్ద చారిత్రక నవల వచ్చిందని తెలిసి ఆమె గ్రంథాలయానికి ఫోన్ చేసింది.

"ఇది ఆ పిల్లకివ్వకండి. బూడిద ఏడాది చదివిన ఆయన్ని బతిమాలైనా పట్టుకురండి. నేను అడిగానని చెప్పండి."

"రునోల్ఫుర్ గారు ఏప్రిల్‌లో పోయారండీ," అంది అవతలి అమ్మాయి.

స్వావా కుర్చీ తడుముకుని కూర్చుంది.

"అయ్యో... ఒక్కసారైనా ఆయనకి చెప్పలేకపోయానే అమ్మా."

"బాధపడకండి, తృప్తిగానే పోయారు. గొంతు ఆపరేషన్ అయ్యాక చదవలేక చాలా కుంగిపోయారు కానీ, ఈ చలికాలం మీ అకురేరిలోనే చెల్లెలింట్లో ఉండి, పొద్దున్నే వేడి తొట్టిలో ఎవరో ఒకావిడ నోట తన చదువు గురించి విని వచ్చి, మాకు ఫోన్ చేసి మరీ మురిసిపోయేవారు."