హార్లన్ కారులో దుమ్ము

లైల్ షెడ్డు తలుపు తోసి కారు దగ్గరికి నడిచాడు.

కారు టాపు తీసి ఉంది. లోపలంతా దుమ్ము. తెల్లతోలు సీట్ల మీద, స్టీరింగు మీద, గేరు పుల్ల మొదట్లో, కాళ్ళ కింది తివాచీలో. ఎక్కడ చూస్తే అక్కడ దుమ్మే.

అది హార్లన్ కారు. ఓక్లహోమా ఎర్రమట్టి మధ్య పుట్టి పెరిగిన మనిషి, ఆ మట్టి మరక ఒక్కటి కారు మీద పడనివ్వలేదు. వాన కురిసి రోడ్డు మీద దుమ్ము అణిగితేనే బయటికి తీసేవాడు. ఎక్కేవాళ్ళు బూట్లు విప్పాల్సిందే. ఇంటికి రాగానే ముందు మెత్తటి పాత దుప్పటి, దాని మీద టార్పాలిన్ లాంటి మందపాటి ముసుగు కప్పేవాడు. ఆ ముసుగును ఏనాడూ షెడ్డులో దులపలేదు. పొలంలోకి మోసుకెళ్ళి దులిపేవాడు. పాత కార్ల సంఘంలో అందరూ నవ్వేవారు. లైల్ మాత్రం నవ్వలేదు. అతనిదీ అదే పిచ్చి.

హార్లన్ ఆస్పత్రి నుంచి ఫోను చేసి అడిగింది ఒక్కటే. "కారు నీకేరా లైల్. మాటివ్వు. దుమ్ము పడనీకు."

లైల్ మాటిచ్చాడు. మోకాలి ఆపరేషనై మంచం మీద ఉండి చివరిచూపుకు రాలేకపోయాడు. కర్ర లేకుండా నడవగలిగిన మొదటి రోజే, ట్రక్కుకు ట్రెయిలరు తగిలించుకుని కారు కోసం వచ్చాడు. వచ్చి చూస్తే ఇదీ సంగతి.

"ఎవరు చేశారీ పని?"

"నేనే," అంది వెర్నా. హార్లన్ భార్య. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. జుట్టులోనూ అదే దుమ్ము. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"టాపు తీసుకుని ఊరేగావా?"

"వాగు దాకా వెళ్ళొచ్చాను."

"మట్టిరోడ్డు మీద."

"వాగుకు తారురోడ్డు ఎప్పుడు వేశారు, చెప్పు?"

"మనిషి పోయి నెల తిరగలేదు వెర్నా. అప్పుడే షికార్లు కావాల్సొచ్చాయా?"

"ఆయనే తీసుకెళ్ళమన్నాడు."

"హార్లనా? ఈ కారునా? మట్టిరోడ్డు మీద టాపు తీసా? ఆ మాట ఇంకెవరికైనా చెప్పు."

"లైల్, అది..."

"వద్దు. నాకేం చెప్పొద్దు."

అతనికి అర్థమైపోయింది. పగ. ఇంకేం కాదు. ఒకసారి సంతలో ఈవిడ ఐస్‌క్రీము పట్టుకుని ఎక్కబోతే, అది తినేదాకా హార్లన్ రోడ్డు పక్కన నిలబెట్టాడు. అది కారి మోచేతి దాకా వచ్చింది. సంఘం వాళ్ళంతా తమ కార్ల కిటికీల్లోంచి చూశారు. అప్పుడు మింగినదంతా ఇప్పుడు కారు మీద కక్కిందన్నమాట. అసహ్యమేసింది లైల్‌కు. మొహం తిప్పుకున్నాడు.

"కాసేపు దాన్ని ముట్టుకోకు," అంది వెర్నా. "ఇంట్లోంచి బ్రష్షు తెస్తాను. నేనే తీస్తాను."

"తీస్తావులే. చేసిన నిర్వాకం చాల్లేదు."

"ముట్టుకోకన్నాను, లైల్."

ఆమె ఇంట్లోకి వెళ్ళింది. లోపల సొరుగులు తెరుస్తున్న చప్పుడు, మూస్తున్న చప్పుడు. ఎంతకీ రాలేదు.

లైల్ ఆగలేకపోయాడు. దుమ్ము తోలు కుట్లలోకి దిగితే ఇక రాదు. ట్రక్కులోంచి వాక్యూమ్ క్లీనరు దించి ప్లగ్గు పెట్టాడు.

వింత దుమ్ము. బయట రేకు మీద మామూలు ఎర్రమట్టి. లోపల మాత్రం పాలిపోయిన పొడి, వేళ్ళకు గరగరలాడుతోంది. మధ్యలో నూకల్లాంటి పలుకులు. అవి గొట్టంలో పడి గలగలమన్నాయి. ఏ కంకర మిల్లు పక్కన ఆపిందో మహాతల్లి. సీటు మడత దగ్గర మూతి పెట్టి ఊదాడు. పొడి ఎగిరి నోట్లో పడింది. పళ్ళ మధ్య కరకరమంది. థూ అని నేల మీద ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు. నాలుక చొక్కా చేతికి తుడుచుకున్నాడు.

తడిబట్ట పెట్టాడు. పొడిబట్ట పెట్టాడు. తోలు మళ్ళీ పాలమీగడలా తేలింది.

క్లీనరు డ్రమ్ము నిండా చేరిన మురికిని చూస్తే ఒళ్ళు జలదరించింది. దాన్ని షెడ్డు వెనక పందుల దొడ్లో గుమ్మరించాడు. ఓ ఆడపంది వచ్చి వాసన చూసి, తుమ్మి, ఆ బురదలోనే దొర్లింది. డ్రమ్మును బోర్లించి గట్టిగా తట్టి, చేతులు ప్యాంటుకు రాసుకుని వచ్చాడు. స్నేహితుడికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని కాస్త మనసు కుదుటపడింది.

వెర్నా వచ్చింది. ఒక చేతిలో హార్లన్ గడ్డం గీసుకునే బ్రష్షు. ఇంకో చేతిలో మూతున్న గాజు గిన్నె. సీట్లు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"చూడు, ఎలా మెరుస్తోందో," అన్నాడు లైల్. "వాడుంటే వీపు తట్టేవాడు."

"ఏం చేశావు దాన్ని?"

"దేన్ని?"

"ఆ దుమ్ముని."

"ఎక్కడ పారెయ్యాలో అక్కడే పారేశా. పందుల దొడ్లో."

వెర్నా గిన్నె పట్టుకునే నేల మీద కూలబడింది. బ్రష్షును ఒళ్ళో పెట్టుకుంది.

"తన బూడిదని వాగు దారెంట ఈ కారులోంచే చల్లమన్నాడు," అంది, "చల్లితే, గాలికి ఆ మనిషంతా మళ్ళీ కారులోకే వచ్చి పడ్డాడు, లైల్."