ఎల్లేశం సార్ ఓటు

"అన్నా, నువ్వు నామినేషన్ వాపస్ తీసుకోవాలె," అన్నాడు జితేందర్, కుర్చీలో సరిగ్గా కూర్చోకముందే.

సిరిసిల్లలో ఎల్లేశం ఇల్లు అది. ముందు గదిలో వాళ్లిద్దరూ, వెనక షెడ్డులో నాలుగు మరమగ్గాలు. వాటి చప్పుడుకు జితేందర్ ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వస్తోంది. జగిత్యాలలో కాలేజీ నడిపే మనిషి, పట్టభద్రుల ఎమ్మెల్సీ సీటుకు పోటీలో ఉన్నవాడు, పొద్దున్నే పండ్ల సంచి పట్టుకుని ఇంత దూరం వచ్చాడంటే ఊరికే రాలేదు. పోయినసారి అతను నలభై ఒక్క ఓట్ల తేడాతో ఓడిపోయాడు. అదే ఎన్నికలో ఎల్లేశానికి రెండువందల అరవై మూడు వచ్చాయి.

ఎల్లేశానికి ఇది నాలుగో పోటీ. ఆరేళ్లకోసారి వచ్చే ఈ ఎన్నిక కోసం, ఇంట్లో పెళ్లి కోసం చూసినట్టు ఎదురుచూస్తాడు. మొదటిసారి పందొమ్మిది ఓట్లు. రెండోసారి డెబ్బై నాలుగు. ఆ సీటులో ఏ ఎన్నికలో ఎవరికి ఎన్ని వచ్చాయో, ఏ రౌండులో ఎవరి పేరు తీసేశారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. మామూలు రోజుల్లో 'ఓ ఎల్లేశం' అని కేకేసేవాళ్లు ఎన్నికల నెలలో మాత్రం 'సార్' అంటారు. ఆ మాట వింటే అతని నడుము దానంతటదే నిటారవుతుంది.

అతని ప్రచారమూ వేరే తీరు. డిగ్రీలున్నవాళ్లను పోగేసి ఓటు ఎలా వేయాలో పాఠం చెబుతాడు. పేర్ల పక్కన ఇష్టమైన వరసలో ఒకటి, రెండు అని అంకెలు వేయాలి; తక్కువ ఓట్లొచ్చినవాళ్ల పేరు తీసేసి, ఆ ఓట్లను వాటి మీద రెండో అంకె ఉన్నవాళ్లకు కలుపుతారు. ఇది తెలియక ఆ ఎన్నికలో చెల్లని ఓట్లు వేలల్లో ఉంటాయి. అంకె వేయమంటే టిక్కు పెట్టేవాళ్లు, సంతకం చేసేవాళ్లు, అభ్యర్థి పేరు పక్కన 'ఆల్ ది బెస్ట్' అని రాసేవాళ్లు.

"జపాన్‌ల గూడ గిట్లనే ఒక పెద్దల సభ ఉన్నది," అన్నాడు మొన్న కోరుట్లలో, లెక్చరర్ల ముందు సుద్దముక్క పట్టుకుని. "గాడ గూడ ఆరేండ్లే. ఓటరు తన చేతితోని అభ్యర్థి పేరు రాయాలె. గా జనం రాస్తున్నరు. మిమ్మల్ని ఒక్క ఒకటి ఏయమన్నరు. గది గూడ చాతకాకుంటె గీ సదువులు ఎందుకు సార్?"

ముందు వరసలో ఉన్న పీహెచ్‌డీ ఆయన తల వంచుకుని పుస్తకంలో ఒకటి వేసి చూసుకున్నాడు.

"నీకు ఏసినోళ్లు రెండో అంకె నాకు ఏసినా పోయినసారి గెలుద్దును," అన్నాడు జితేందర్, పండ్ల సంచి ఎల్లేశం ముందుకు జరుపుతూ. "ఒకటి ఏసిండ్రు, బయటికొచ్చిండ్రు. నీ పేరు తీసేసినంక గా ఓట్లన్ని ఎవ్వలకు గాకుండ పొయినయి."

"గందుకే ఈసారి రెండు గూడ ఏయమని నేర్పుతున్న. ఎవ్వలకు ఏస్తరో వాళ్లిష్టం. వాపస్ మాట మాత్రం ఎత్తకు తమ్మీ."

జితేందర్ అరగంట బతిమాలాడు. చివరికి లేస్తూ, "పోనీ, నీ సొంత ఓటన్న నాకెయ్యి," అన్నాడు నవ్వులాటకు.

ఎల్లేశం నవ్వలేదు. "నాకంటూ ఒక్క ఓటుంటే అది నీదే. రాజన్న సాక్షి."

"మరి నీకు నువ్వు ఏసుకోవా?"

"మూడుసార్లు నిలవడ్డ. ఒక్కసారన్న ఏసుకోలె."

జితేందర్ ఇలాంటి మనిషిని వాపస్ తీసుకోమన్నందుకు సిగ్గుపడుతూ రెండు చేతులూ పట్టుకున్నాడు. లోపలి గదిలో ఎల్లేశం భార్య ఊర్మిలకు పొలమారింది. ఎల్లేశం పరదా వైపు గుర్రుగా చూశాడు.

మరుసటి వారం దీవెన వచ్చింది. రాయికల్ పిల్ల. తల్లి బీడీలు చుట్టి చదివిస్తే లెక్చరర్ అయింది. పోటీ ఇదే మొదటిసారి. ఓట్లు ఎలా లెక్కిస్తారో ఎల్లేశం ఆమెకు గంటసేపు కాగితం మీద గీసి చూపించాడు.

"సార్, మిమ్మల్ని అడగొద్దు గని, మీ ఓటు…"

"నాకంటూ ఒక్క ఓటుంటే అది నీదే బిడ్డా. రాజన్న సాక్షి."

పరదా వెనక మళ్లీ పొలమారింది. దీవెన వెళ్లాక ఊర్మిల బయటికి వచ్చింది.

"దేవుని మీద ఎంతమందికి ఒట్లు వెడుతవయ్యా. కండ్లు పోతయి."

"ఒక్కటన్న అబద్ధం చెప్పిన్నా?"

చెప్పలేదని ఊర్మిలకు ఒప్పుకోక తప్పలేదు.

పోలింగ్ రోజు ఎల్లేశం ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా బడి గేటుకు దూరంగా నిలబడ్డాడు. "మీరు రారా సార్?" అని అడిగినవాళ్లందరికీ, "ముందుగాల మీరు వోండ్రి," అన్నాడు.

లెక్కింపు రెండు రోజులు నడిచింది. ఎల్లేశానికి ఐదువందల రెండు వచ్చాయి. అతని పేరు తీసేశాక చూస్తే, ఈసారి ఆ ఓట్లలో చాలావాటి మీద రెండో అంకె కూడా ఉంది. దీవెన పదిహేడు ఓట్ల తేడాతో జితేందర్ మీద గెలిచింది.

ముందు జితేందర్ ఫోన్ చేశాడు. "ఓడిపోయినందుకు బాధ లేదన్నా. మా బామ్మర్దే నాకు ఏయలేదట. నువ్వొక్కనివే మాట మీద నిలవడ్డవ్."

"ఆరేండ్లకు మల్ల సూద్దాం తమ్మీ," అన్నాడు ఎల్లేశం.

ఫోన్ పెట్టాడో లేదో గుమ్మంలో దీవెన, చేతిలో శాలువా. షెడ్డులో పనివాళ్లు మగ్గాలు ఆపి వచ్చారు. ఆమె శాలువా కప్పి, వంగి కాళ్లకు దండం పెట్టింది.

"పదిహేడు ఓట్లతోని బయటపడ్డ సార్. అండ్ల ఒకటి మీది. బతికినంత కాలం మర్వ."

"సల్లగుండు బిడ్డా," అన్నాడు ఎల్లేశం, నడుము నిటారుగా పెట్టి.

అందరూ చప్పట్లు కొట్టారు. ఊర్మిల మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ సీటుకు పోటీ చేయడానికి డిగ్రీ అక్కర్లేదు గానీ ఓటు వేయడానికి కావాలి, ఎల్లేశమేమో ఇంటర్ ఫెయిల్.